పుల్లారావు కారు గడ్డం

మార్కాపురం,
4 ఫిబ్రవరి 1979

తమ్ముడు దేవదానానికి,

నాగూర్ వలి రాస్తున్నాను. అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగుండి ఉంటావని అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప చేసేదేముంది, నాలుగేళ్లలో ఒక్క కార్డు ముక్క రాసిన పాపాన పోలేదు నువ్వు. బడే సాహెబ్ మేస్త్రీకి చెప్పకుండా, పక్కనే పనిచేసే నాకు చెప్పకుండా, ఒక పొద్దున మద్రాసు రైలెక్కావు. ఆ రోజు షెడ్డుకు వచ్చిన నీ టీ కూడా నేనే తాగాల్సి వచ్చింది. ఆ కోపం నాకు ఏడాదిన్నర ఉండింది. తర్వాత పనుల్లో పడి మరిచిపోయాను. ఇప్పుడు నీతో పని పడింది కాబట్టి రాస్తున్నాను. ప్రేమ పొంగుకొచ్చి రాస్తున్నానని అనుకోకు.

పలకల వ్యాపారం చేసే పుల్లారావు నీకు తెలిసే ఉంటాడు. ఆయన మొన్న దసరా తర్వాత మద్రాసులో ఒక పాత హెరాల్డ్ కారు కొనుక్కొచ్చాడు. షోలవరంలో పందేలకు తిప్పిన బండి. ఎర్ర రంగు, రెండే తలుపులు. స్ప్రింగులు కోసి నేలకు ఆనేంత కిందికి దించారు. అది చాలదన్నట్టు ముందు బంపరు కింద నల్లటి ఫైబరు అడ్డు ఒకటి వేలాడుతోంది. దాన్ని ఎయిర్ డ్యామ్ అంటారనీ, బండి వేగం మీద ఉన్నప్పుడు కింద గాలి దూరి ముక్కు లేవకుండా అది ఆపుతుందనీ పుల్లారావు కనబడినవాళ్లందరికీ చెప్పాడు. ఊరు విని, దానికి గడ్డం అని పేరు పెట్టి ఊరుకుంది. మన రోడ్ల మీద గాలి కంటే ముందు గేదెలు అడ్డం వస్తాయి, ఇంక ముక్కు లేచేది ఎప్పుడు?

బాధేమిటంటే ఆ గడ్డం అన్నిచోట్లా గీసుకుంటోంది. రైలు గేటు దగ్గర గీసుకుంటుంది. వాగు చప్టా దిగేటప్పుడు గీసుకుంటుంది. వాళ్ల కొట్టు ముందు కాలవ మీద పరిచిన బండకు కూడా గీసుకుంటుంది. ఆ చప్పుడుకు వీధిలో జనం అరుగుల మీద నుంచి లేచి చూస్తున్నారు. పుల్లారావు తల్లి సుబ్బలక్ష్మమ్మ గారు ఒకసారి ఎక్కి దిగి, "పలక మీద మేకుతో గీసినట్టుందిరా, నా పండ్లు జివ్వుమంటాండాయి. దీంట్లో నేను రాను" అన్నదట. శివరాత్రికి ఆమెను మహానందికి తీసుకుపోతానని కొడుకు మొక్కుకున్నాడు. ఆ మొక్కు కోసం బండిని నా షెడ్డుకు తెచ్చి, "వలీ, ఈ గడ్డం కొంచెం కోసెయ్" అన్నాడు.

రంపం తీసుకుని బండి కింద దూరాను. లోపలివైపు చూడగానే చెయ్యి ఆగిపోయింది. మూలల్లో ఫైబరు గుడ్డ అంచులు మూడు మడతలు వేసి బొటనవేలితో అణిచి ఉన్నాయి. జీపు టాపులకు కాన్వాసు కుట్టే రోజుల్లో నువ్వు మూలలు ఇలాగే మడిచేవాడివి. అలా మడిచేవాణ్ణి నా బతుకులో ఇంకొకణ్ణి చూడలేదు. పుల్లారావును ఎక్కడ చేయించావని అడిగితే అంబత్తూరులో ఒక షెడ్డు పేరు చెప్పాడు. "పనివాడు మన బేస్తవారిపేట పిల్లోడే, సన్నగా ఉంటాడు, మాట్లాడడు" అన్నాడు. మాట్లాడడు అనేసరికి అది నువ్వేనా అని నాకు కొంచెం అనుమానం వచ్చింది గానీ, మద్రాసు నీళ్లు తాగి మారి ఉంటావులే అనుకున్నాను.

మేస్త్రీ మనకు మొదటి రోజు చెప్పిన మాట నువ్వు మరిచినా నేను మరవలేదు. ఒకడు చేసిన వస్తువు మీద, ఆ మనిషి బతికుండగా, అతన్ని అడక్కుండా రంపం పెట్టకూడదు. పుల్లారావుకు ఆ సంగతి చెప్తే, "మద్రాసుకు ఉత్తరం రాసి జవాబొచ్చేదాకా నేను గీసుకుంటా తిరగాల్నా?" అన్నాడు. తిరగాల్సిందేనన్నాను. మేస్త్రీ కుర్చీలోంచి తల ఊపాడు. ఆయనకు చూపు తగ్గింది గానీ వినికిడి బాగానే ఉంది.

కాబట్టి అడుగుతున్నాను. ఎంత కోయవచ్చు? లోపల ఇనుము ఏమైనా పెట్టావా? వెంటనే రాయి.

నాగూర్ వలి

(మీ వదిన జమీలాబీ కూడా అడిగానని రాయమంది. ఆమెకు నీ మీద మొదటినుంచీ కోపం లేదు. అదే నాకు నచ్చదు.)


అంబత్తూరు, మద్రాసు,
9 ఫిబ్రవరి 1979

వలీ అన్నకు నమస్కారాలు.

ప్రభువు దయవల్ల నేను కులాసా. నీ ఉత్తరం షెడ్డు గుమాస్తా అందరి ముందు ఇచ్చాడు. కవరు మీద చేతిరాత చూసి మేస్త్రీకి ఏమైనా అయిందేమోనని భయపడ్డాను. గోడ పక్కకు పోయి కవరు చించాను. చదివి చాలాసేపు నవ్వాను, తర్వాత కొంచెం ఏడ్చాను కూడా. నీకు చెప్పడానికి సిగ్గేముంది.

చెప్పకుండా రావడం తప్పే. మేస్త్రీ ముఖం చూస్తే రాలేనని తెలుసు, అందుకే చూడకుండా వచ్చాను. వచ్చాక రాయడానికి ఏం రాయాలో తెలియలేదు. నెల దాటింది, ఏడాది దాటింది, ఆ తర్వాత రాస్తే ఇంకా తప్పనిపించింది. నువ్వే రాశావు. ఆ మేలు గుర్తుంచుకుంటాను.

ఇక గడ్డం సంగతి. అది నేను చేసిందే. అచ్చు నేనే తీశాను. ముందు మట్టితో బొమ్మ చేసి, దాని మీద ప్లాస్టర్ పోసి, ఆ ప్లాస్టరు గుంటలో అయిదు పొరల గుడ్డ పరిచాను. మధ్యలో ఎక్కడా గాలి బుడగ లేదు, ఎండలో పెట్టి చూసుకో. మూలల మడతలు నువ్వు గుర్తుపట్టావంటే నాకు ఇక్కడ ఎవరూ చెప్పని మెప్పు దక్కినట్టే. కింది అంచు నుంచి రెండున్నర అంగుళాల వరకు కోయవచ్చు. అంతకు మించి కోస్తే లోపలి వంపు పోయి పలచబడుతుంది. ఇనుప రంపం వద్దు, పళ్లు పెద్దవి, పొరలు విడదీస్తుంది. పలకలు కోసే సన్న రంపం దొరికితే అది మేలు. నీళ్లు చల్లుతూ కోయి, ముక్కుకు గుడ్డ కట్టుకో, ఆ దుమ్ము మంచిది కాదు. కోశాక అంచుకు రెజిన్ జిగురు పూయి, డబ్బా పార్సిలు చేస్తున్నాను. పూత పూసిన రోజు బండి కదపవద్దు.

ఎడమ పక్క బిగింపు జోలికి పోవద్దు. అది అలాగే ఉండనీ.

మేస్త్రీకి, వదినకు నా నమస్కారాలు చెప్పు. పుల్లారావు గారు బండి బాగా నడుపుతారా? మెల్లగా నడపమని చెప్పు.

నీ తమ్ముడు
దేవదానం


అంబత్తూరు,
13 ఫిబ్రవరి 1979

అన్నా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. మొన్నటి ఉత్తరంలో ఒక సంగతి దాచాను. రాసి డబ్బాలో వేసి రెండడుగులు నడిచేసరికే నాకు మనసొప్పలేదు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను.

ఎడమ పక్క బిగింపు లేదు.

ఎలా జరిగిందో చెప్తాను. పుల్లారావు గారు గురువారం బండి తెచ్చి శనివారానికి కావాలన్నారు. కుడిపక్క, మధ్యన బోల్టులు వేశాను. ఎడమ పక్క బెజ్జం వేసేటప్పుడు డ్రిల్లు జారింది. బోల్టు పట్టే చెవి దగ్గర పగిలింది, అరచేయంత ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. కొత్తగా పొరలు వేసి ఆరబెట్టాలంటే ఇంకో రెండు రోజులు కావాలి. మా యజమానితో చెప్తే, "అతికించి రంగు కొట్టి పంపు, కనపడదు" అన్నాడు. అతికించాను. వెనక రెజిన్ ముద్ద పెట్టి నల్ల రంగు వేశాను. అక్కడ బోల్టు లేదన్నా, ఉత్త ముద్దే. చూడ్డానికి మిగతా రెండు చోట్లలాగే ఉంటుంది. పది రోజులకు మళ్లీ తీసుకురండి, ఒకసారి చూస్తాను అని పుల్లారావు గారితో అందామనుకున్నాను. నోరు రాలేదు. ఆయన తాళాలు తిప్పుకుంటూ వెళ్లిపోయారు.

అప్పటినుంచి పేపర్లో ప్రమాదాల వార్తలు చదవడం మానేశాను. బండి మద్రాసులోనే తిరుగుతోందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నీ ఉత్తరం చూశాక తెలిసింది, అది మన రోడ్ల మీద రోజుకు పదిసార్లు గీసుకుంటోందని. గీసుకున్న ప్రతిసారీ ఆ ముద్ద మీద గుంజుడు పడుతుంది. ఊడితే ఒక్కసారిగా ఊడదు. ఎడమ కొస కిందికి జారి చక్రం కిందికి పోతుంది. మెల్లగా పోతున్నప్పుడైతే చప్పుడుతో సరి. ఘాట్ రోడ్డులో మలుపు మీదైతే బండి ఎటు పోతుందో చెప్పలేను. నల్లమల ఘాట్ దాటకుండా మహానందికి దారి లేదు.

అన్నా, కోత సంగతి తర్వాత. ముందు ఎడమ పక్క ఊడదీసి ఇనుప పట్టీ వేసి బోల్టులు బిగించు. అది అయ్యేదాకా ఆ బండిని షెడ్డు దాటనివ్వకు. నన్ను ఎన్నయినా తిట్టు. ఈ ఉత్తరం అందిందని ఒక్క ముక్క రాయి చాలు.

దేవదానం


మార్కాపురం,
19 ఫిబ్రవరి 1979

తమ్ముడా,

నిన్న ఆదివారం కోత అయిపోయింది. నువ్వు చూడాల్సింది.

నీ 9వ తేదీ ఉత్తరం, రెజిన్ డబ్బా రెండూ అందాయి. పలకల కార్ఖానా సుబ్బన్న రంపం ఇస్తానన్నాడు, కానీ రంపంతోపాటు తానూ వస్తానన్నాడు. నలభై ఏళ్లుగా పలకలు కోస్తున్నాడు, కారు కోసే అదృష్టం మళ్లీ రాదట. ఎంత కోయాలన్నది తేలకుండా రంపం పెట్టకూడదు కదా. అందుకని గడ్డం కింది అంచుకు తడి సున్నం పూశాం. బండిని రైలు గేటు దాకా తీసుకుపోయి మెల్లగా దాటించి తెచ్చాం. సున్నం ఎక్కడ చెరిగిందో అక్కడ తగులుతున్నట్టు లెక్క. పుల్లారావు ఒక్కడే ఎక్కితే అంగుళం చెరిగింది. "అయితే అంగుళం కోసెయ్" అన్నాడు. మహానందికి నువ్వొక్కడివే పోతావా అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. సుబ్బన్నకు అర్థమైంది.

అప్పుడు పుల్లారావు భార్య మహాలక్ష్మిని, సుబ్బలక్ష్మమ్మ గారిని పిలిపించాం. సామాన్లకు బదులు వెనక సీట్లో పలకల పెట్టె ఒకటి పెట్టాం. మళ్లీ సున్నం, మళ్లీ గేటు. ఈసారి రెండంగుళాల పైనే చెరిగింది. సుబ్బలక్ష్మమ్మ గారు బండి దిగి, సున్నం వంక చూసి, "ఏందిరా వలీ, నన్ను బండిలో ఎక్కించి తూచినావా?" అన్నది. అందరం అటు తిరిగి నవ్వుకున్నాం. మేస్త్రీ మాత్రం బాహాటంగా నవ్వాడు, ఆయన వయసుకు చెల్లుతుంది.

మేకుతో గీత గీసి, సుబ్బన్న ఒక పక్క, నేను ఒక పక్క కూర్చుని కోశాం. రెండుంపావు. నువ్వు చెప్పిన హద్దు దాటలేదు. నీ పొరలు ఒక్కటీ విడలేదు. కోసిన ముక్కను సుబ్బన్న వేలితో తట్టి, "పని తెలిసినోడే చేసినాడు" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం కష్టం. అంచుకు రెజిన్ పూసి తెల్లారేదాకా కదపలేదు. ఇవాళ ముగ్గురినీ, పలకల పెట్టెనూ ఎక్కించి గేటు దాటించాను. చప్పుడు లేదు. వీధిలో అలవాటుగా లేచి నిలబడినవాళ్లు వెర్రిముఖాలు వేసి కూర్చున్నారు.

వచ్చే శనివారం తెల్లవారి ఆరింటికి పుల్లారావు తల్లితో, భార్యతో మహానందికి బయల్దేరుతున్నాడు. సుబ్బలక్ష్మమ్మ గారు ముందు సీటు తనదేనని ఇప్పుడే చెప్పింది.

ఎడమ పక్క గురించి నువ్వు రాసిన మాట చదివాను. దాని గురించి నువ్వు ఇంకేమైనా రాస్తావేమోనని చూస్తున్నాను.

నాగూర్ వలి


అంబత్తూరు,
23 ఫిబ్రవరి 1979, శుక్రవారం

అన్నా,

నీ 19వ తేదీ ఉత్తరం ఇందాక చేతికొచ్చింది. నా 13వ తేదీ ఉత్తరం నీకు అందలేదు. అంది ఉంటే నువ్వు ఇలా రాయవు.

పరుగెత్తుకుంటూ తంతి ఆఫీసుకు పోయాను. ఫారం మీద మార్కాపురం అని రాస్తే ఏ జిల్లా అని గుమాస్తా అడిగాడు. కర్నూలు జిల్లా అన్నాను. ఆయన పుస్తకం తిప్పి, "కర్నూలు కాదయ్యా, ప్రకాశం" అన్నాడు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మొదటి ఉత్తరానికి నీ కవరు చూసి చిరునామా రాశాను. రెండోసారి కంగారులో చూడలేదు. బేస్తవారిపేట బళ్లో చిన్నప్పుడు పలక మీద దిద్దిందే చెయ్యి రాసేసింది. మనల్ని జిల్లా మార్చి తొమ్మిదేళ్లవుతోంది, నా చెయ్యి మాత్రం కర్నూలులోనే ఉంది. ఆ ఉత్తరం ఇప్పుడు ఎక్కడ తిరుగుతోందో.

కారు పోనివ్వకు, ఎడమ పక్క బిగింపు లేదు అని తంతి ఇచ్చాను. ఇవాళ సాయంత్రానికి చేరుతుందో రేపు చేరుతుందో ఆయన చెప్పలేనన్నాడు. రేపు ఆరింటికి వాళ్లు బయల్దేరుతారు. ఆ ముసలావిడ ముందు సీట్లో కూర్చుంటుంది, ఎడమ పక్కన.

ఇది కూడా ఆలస్యంగానే చేరుతుందని తెలుసు. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

దేవదానం


మార్కాపురం,
28 ఫిబ్రవరి 1979

దేవదానం,

ముందు ఇది చదువు, మిగతాది తర్వాత చదువుదువు. అందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. మంగళవారం సాయంత్రం దిగారు. గడ్డం చెక్కుచెదరలేదు. సుబ్బలక్ష్మమ్మ గారు నాకు ప్రసాదం పంపింది.

ఇంకో సంగతి. నీ తంతి శనివారం పది గంటలకు వచ్చింది, వాళ్లు పోయిన నాలుగు గంటలకు. జమీలాబీ తీసుకుంది. తంతి అంటే మనవాళ్లకు చావు కబురే కదా, విప్పకముందే ఏడుపు మొదలుపెట్టింది. షెడ్డుకు పరుగెత్తుకొచ్చి ఇచ్చింది. చదివి, ఎవరూ పోలేదని చెప్పి కూర్చోబెట్టాను. నాకు భయం వేయలేదు. ఎందుకంటే ఎడమ పక్క నేను 12వ తేదీనే బిగించేశాను.

ఎలా తెలిసిందంటావా? నీ మొదటి ఉత్తరం చదువుకున్నాను. మట్టి బొమ్మ నుంచి మడతల దాకా పేజీ నిండా నీ పని గురించి గొప్పలు పోయావు. పోవచ్చు, తప్పులేదు. ఎడమ పక్క దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేశావు. నీ పని గురించి నువ్వు అంత తక్కువ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. దాని కిందనే పుల్లారావును మెల్లగా నడపమన్నావు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, కోత కొలతకని చెప్పి బండిని షెడ్డుకు తెప్పించి, జాకీ వేసి కింద దూరాను. సుత్తి పిడితో తట్టాను. కుడిపక్క గట్టిగా పలికింది. ఎడమ పక్క డొల్లగా పలికింది. గీరి చూస్తే రంగు కింద ముద్ద, ముద్ద చుట్టూ సన్నటి బీట. ఇంకో వారం తిరిగి ఉంటే ఊడేది. అడుగు పొడవు ఇనుప పట్టీ వేసి మూడు బోల్టులు బిగించాను. మేస్త్రీ కుర్చీ దగ్గరికి లాక్కుని చేత్తో తడిమి చూశాకే దించాను.

నీ కర్నూలు ఉత్తరం మొన్న సోమవారం వచ్చింది, దాని మీద నాలుగు ముద్రలు, ఎర్ర సిరాతో కొట్టివేతలు. చదివాను. అది చదివాక నాకు నా మీదే కోపం వచ్చింది. ఎందుకో చెప్తాను, విను.

19వ తేదీ ఉత్తరంలో బిగించేశానని ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు తంతి ఆఫీసుకు పరుగెత్తేవాడివి కాదు. కావాలనే రాయలేదు. నీ నోటితో నువ్వే చెప్తావా లేదా చూద్దామనుకున్నాను. నీ మీద కోపం ఏడాదిన్నరతో పోయిందని రాశాను కదా, అది అబద్ధం. కొంచెం మిగిలి ఉండింది. ఆ మిగిలిందే నా చేత అలా చేయించింది. నువ్వేమో అప్పటికే చెప్పేసి ఉన్నావు, ఆ మాట కర్నూలులో తిరుగుతోంది. నా పంతం కోసం నిన్ను ఇన్ని రోజులు నిప్పుల మీద నిలబెట్టాను. తప్పు నాది. ఇప్పుడు ఆ కోపం చుక్క కూడా లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. పుల్లారావుకు నేనేమీ చెప్పలేదు. గడ్డం కోస్తూ బోల్టులు కూడా మార్చానని ఆయన అనుకుంటున్నాడు. అలాగే వదిలేస్తే ఎవరికీ నష్టం లేదు, బండి గట్టిగా ఉంది. కానీ నువ్వు అలా వదిలేయగలవా అన్నది నాకు తెలియదు. బిగించడం నా చేతనవుతుంది, చెప్పడం నా పని కాదు. చెప్పాలనుకుంటే నువ్వే రా. నేను నీ వెంట వాళ్లింటికి రాను. వస్తే ఆయన నా ముఖం చూసి మొహమాటపడతాడు. ఏదైనా నువ్వు ఒక్కడివే పడాలి.

నాగూర్ వలి


అంబత్తూరు,
13 మార్చి 1979

వలీ అన్నకు,

ఆదివారం వచ్చి, నిన్ను కలవకుండానే తిరిగొచ్చాను. చెప్పకుండా పోయాడు మళ్లీ అని తిడుతుంటావు. నువ్వు లారీ పని మీద కంభం పోయావనీ, రాత్రి ఎనిమిదికి గానీ రావనీ వదిన చెప్పింది. నాకు సోమవారం పొద్దున ఇక్కడ హాజరు ఉండాలి. ఈసారి చెప్పకుండా పోలేదు, వదినకు రెండుసార్లు చెప్పి పోయాను.

షెడ్డుకు ముందు వచ్చాను. మేస్త్రీ నా గొంతు విని గుర్తుపట్టాడు. నా చెయ్యి పట్టుకుని, రెజిన్‌కు కాలిన వేళ్లను ఒక్కొక్కటీ తడిమాడు. నాలుగేళ్ల గురించి ఒక్క మాట అడగలేదు. "వచ్చిన పని చూసుకొని రా పో, తర్వాత కూచుందాం" అన్నాడు. ఆయనకు అన్నీ నువ్వు చెప్పే ఉంటావు.

పుల్లారావు గారు కొట్టు ముందు పేపరు చదువుకుంటున్నారు. కారు పక్కనే ఉంది. నన్ను చూసి సంతోషంగా లేచారు. ఆ సంతోషం చూసి వెనక్కి తిరిగి పోదామనిపించింది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. "అన్నా, ఎడమ పక్క బిగింపు లేకుండానే మీకు బండి ఇచ్చినాను. పగిలితే అతికిచ్చి రంగు పూసినాను. తెలిసే ఇచ్చినాను."

ఆయన తెల్ల పంచెతో అక్కడే వీధిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి తల పెట్టారు. కొంతసేపటికి లోపలి నుంచే, "మూడు బోల్టులుండాయి గదా" అన్నారు. "అవి వలీ అన్న వేసినాడు, తర్వాత" అన్నాను. ఆయన బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి నేల మీదే కూర్చున్నారు. "మా అమ్మ ముందు సీట్లో కూచున్నింది" అన్నారు. మళ్లీ అదే మాట అన్నారు. మూడోసారి గట్టిగా అరిచారు. ఆ అరుపుకు సుబ్బలక్ష్మమ్మ గారు, మహాలక్ష్మి గారు బయటికి వచ్చారు.

అన్నా, ఆయనకు చెప్పడం ఒక ఎత్తు, ఆమెకు చెప్పడం ఒక ఎత్తు. ఆమె ఏందని అడిగితే పుల్లారావు గారు నా వైపు చూపించారు. మళ్లీ మొదటినుంచి చెప్పాను. యజమాని సంగతి చెప్పలేదు. తొందర సంగతీ చెప్పలేదు. డ్రిల్లు పట్టుకున్న చెయ్యి నాది.

ఆమె అంతా విని, "వలీ ఎప్పుడు బిగించినాడు?" అంది.

"శివరాత్రికి రెండు వారాల ముందరమ్మా."

"అయితే మేము పోయింది బిగించిన బండిలోనే గదా?"

"ఔనమ్మా."

"మద్రాసు నుంచి ఇది చెప్పను వచ్చినావా, వేరే పనుండి వచ్చినావా?"

"ఇది చెప్పనే వచ్చినాను."

ఆమె కొడుకు వైపు తిరిగింది. ఆయనే తల దించుకుని, "గురువారం ఇచ్చి శనివారానికి కావాలని నేనే కూచున్నానమ్మా. ఆ షెడ్డాయన వారం పడతాదన్నా వినలేదు" అన్నారు. లేచి పంచె దులుపుకున్నారు. నా ముఖం చూడకుండా, "నువ్వు రాకపోయుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఎందుకు వచ్చినావు?" అని అడిగారు. తెలియదన్నాను. అది నిజమే.

"వచ్చినాడు, చెప్పినాడు, అయిపోయింది. ముందు అన్నం తినమను" అని సుబ్బలక్ష్మమ్మ గారు లోపలికి నడిచింది.

వాళ్ల వసారాలో కూర్చుని తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు. చెయ్యి కడుక్కుని, మూడింటి బస్సుకు ఇంకా అరగంట ఉందని చాప మీద కాస్త నడుం వాల్చాను. అంతే తెలుసు. ఊరి చప్పుళ్లు ఏవీ వినబడలేదు. కళ్లు తెరిచేసరికి వసారాలో ఎండ లేదు, నా మీద ఎవరిదో పంచె కప్పి ఉంది, తల కింద మడిచిన గోనెసంచి ఉంది. మూడింటి బస్సు ఎప్పుడో పోయింది. పుల్లారావు గారు కొంచెం దూరంగా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"లేపితే బాగుండేది గదన్నా" అన్నాను.

"రెండుసార్లు లేపబోయినాను. మా అమ్మ లేపనీలేదు" అన్నారు. "ఈ పిల్లోడు నిద్రపోయి ఎన్నాళ్లయిందో, పండుకోనీరా అనింది."

ఆరింటి బస్సుకు ఆయనే దగ్గరుండి ఎక్కించారు.

నీ తమ్ముడు
దేవదానం